మా మామ కుక్క, వాళ్ళ శనివారం

కుక్కను పెంచడం చేతకాని మనిషి. మా అపార్ట్‌మెంటు వాళ్ళు మా మేనమామ సురేందర్‌కు తగిలించిన పేరు ఇది. మెట్ల మీద అన్నారు, లిఫ్టులో అన్నారు, వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మ పెట్టి మరీ అన్నారు. ఆ మాట అన్నవాళ్ళ సంగతికి తర్వాత వస్తాను. ముందు మా మామ ఎవరో తెలియాలి, లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు.

మామది పంజాగుట్టలో ఒక షాపింగ్ కాంప్లెక్స్ సెల్లారులో చిన్న ఆల్టరేషన్ షాపు. పైన అంతస్తుల్లో రెడీమేడ్ బట్టలు కొన్నవాళ్ళు పొడుగైన ప్యాంట్లు, వదులైన జాకెట్లు పట్టుకుని కిందికి దిగుతారు. అందరికీ అర్జెంటే. "అన్నా, పెళ్ళికి పోతున్నం, జర జల్దీ" అని ఒకడు, "సారీ అండీ, పావుగంటలో ఇవ్వగలరా" అని ఇంకొకామె. మామ తల ఊపుతాడు, కొలత తీస్తాడు, మిషన్ తొక్కుతాడు. ఆయన గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి, కోచింగ్ అని చెప్పి అమీర్‌పేటకు వచ్చి, ఆ కోచింగ్ కూడా మానేసి పార్సిళ్ళు మోస్తూ ఆయన ఇంట్లో తింటున్న నన్నే ఏమీ అనలేదంటే ఆయన ఓపిక ఎలాంటిదో ఊహించుకోండి.

ఇల్లు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో. గ్రౌండ్ ఫ్లోరు ఫ్లాటు. ముందు ఇనుప గ్రిల్లు వేసిన చిన్న వరండా, దాని పక్కనే అందరూ ఎక్కిదిగే మెట్లు. ఆ వరండాయే కొంప ముంచింది.

కర్రి మాకు వానల్లో దొరికింది. పెద్ద వాన పడి సెల్లారులోకి నీళ్ళు వస్తే మామ బట్టల మూటలు పైకి మోశాడు. ఒక మూటలోంచి ముక్కు బయటపెట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల, ఒళ్ళంతా నలుపు, ఒక్క తెల్ల వెంట్రుక లేదు. మామ దాన్ని చొక్కాలో దాచుకుని ఇంటికి తెచ్చాడు. మా నవీన అత్త గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"గిదేంది? ఇంట్ల దేవుడున్నడు, పొయ్యి ఉన్నది. అది లోపలికొచ్చిందంటే నేను బయటికి పోత."

"వానల వదిలిపెట్టమంటవా?"

"వాన తగ్గేదాంక. గంతే."

వాన తగ్గింది. కర్రి ఉండిపోయింది. అత్త మాత్రం షరతులు పెట్టింది. వంటింటి గడప దాటొద్దు. దేవుడి అర్ర దిక్కు చూడొద్దు. మంచం ఎక్కొద్దు. చెప్పులు కొరకొద్దు. ఇంట్లో పాడు చేయొద్దు. వచ్చిన చుట్టాల మీద పడొద్దు. "గివన్నీ నేర్పు. నేర్పలేనంటే గిప్పుడే చెప్పు" అంది.

మామ నేర్పాడు. ఎలా నేర్పాడో నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను. ఒక్క దెబ్బ లేదు. నేను ఒకసారి పేపరు చుట్టి ఎత్తితే నా చేతిలోంచి లాక్కున్నాడు. "కొడితే నీకు భయపడ్తది. నువ్వు లేనప్పుడు ఏం జేస్తది? అది గడపకు ఆగాలె గని నీకు కాదు" అన్నాడు. బట్టల మీద గీతలు గీసే సుద్దతో వంటింటి గుమ్మం ముందు అడ్డంగా ఒక గీత గీశాడు. కర్రి ఆ గీత దగ్గరికి రాగానే "ఆగు" అనేవాడు. ఆగితే గుడ్డు ముక్క. దాటితే ఏమీ లేదు, ఎత్తి మళ్ళీ ఇవతల పెట్టేవాడు. అది దాటేది, ఆయన ఎత్తేవాడు. అది దాటేది, ఆయన ఎత్తేవాడు. చూస్తున్న నాకు పిచ్చెక్కేది. పొద్దంతా మిషన్ తొక్కి నడుం వంగిపోయి వచ్చిన మనిషి, అన్నం తినకుండా నేల మీద కూర్చుని ఇదే పని. అత్త ఇల్లు తుడిచినప్పుడల్లా గీత చెరిగేది. మామ ఒక్కోసారి మళ్ళీ గీసేవాడు, ఒక్కోసారి మరిచిపోయేవాడు. చివరికి గీత లేకపోయినా కర్రి అక్కడే ఆగి, కూర్చుని, అత్త వంట చేస్తుంటే చూసేది.

తిండి ముందు పెడితే "తిను" అనేదాకా ముట్టేది కాదు. బయటికి పోవాలంటే తలుపు దగ్గర నిలబడి మామ మోకాలికి ముక్కు ఆనించేది. ఎవరైనా వస్తే "కూసో" అన్న ఒక్క మాటకు కూర్చునేది. మా అత్త, వాన తగ్గేదాకా అన్న అదే అత్త, పక్కింటివాళ్ళకు దాన్ని చూపించి "మా కేదార్‌గాని కన్న నయం, చెప్తే ఇంటది" అనేది. నేను పక్కనే ఉండగానే.

ఇంత చక్కగా ఉన్న కుక్క ఉన్నట్టుండి చెడిపోయింది. అదీ వారమంతా కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా బంగారం. శనివారం సాయంత్రమయ్యేసరికి దానికి ఏదో పూనినట్టు ఉండేది. అన్నం పెడితే మూతి తిప్పేది. బయటికి తీసుకెళితే చేతిలో ప్లాస్టిక్ కవరు కనబడ్డ ప్రతి మనిషి మీదికీ ఎగిరేది. ఆదివారం పొద్దున తలుపు తీయగానే ఆగలేక మెట్ల మీదే పాడు చేసేది. పాపం దానికీ సిగ్గే, చెవులు వెనక్కి పెట్టి మూలకు పోయేది. మామ బకెట్టు, చీపురు పట్టుకుని మెట్లు కడిగేవాడు. పైనుంచి దిగేవాళ్ళు ముక్కు మూసుకుని "ఏంటండీ ఇది, పొద్దున్నే" అనేవాళ్ళు.

వరండా గచ్చు మీద నూనె మరకలు కనబడేవి. అత్త మామను తిట్టేది. "మిషన్ల ఆయిల్ పోసి గవే చేతులతోని అంతా ముడ్తవ్. గచ్చంతా జిడ్డు." మామ తన చేతులు తిప్పి చూసుకునేవాడు. మేం ముగ్గురం ఎంత తెలివైనవాళ్ళమో దీన్ని బట్టే తెలుసుకోండి.

రెండో అంతస్తు సీతామహాలక్ష్మి గారు కూరగాయల కవరుతో వస్తుంటే కర్రి ఎగిరి ఆమె చీర మీద కాళ్ళు పెట్టింది. వంకాయలు మెట్ల మీద దొర్లాయి. దాంతో అసోసియేషన్‌కు కంప్లైంట్ వెళ్ళింది. ఆమెతో పాటు మూడో అంతస్తు మొగిలయ్య తాత కూడా సంతకం పెట్టాడు. తాత మాకు ఊరివైపు మనిషే, పండక్కి అప్పాలు పంపుకునేంత చనువు. ప్రెసిడెంట్ హనుమత్ప్రసాద్ గారు మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి తీర్పు చెప్పారు.

"సురేందర్ గారూ, మీరు మంచివారే. కానీ కుక్కకి డిసిప్లిన్ లేదండీ. ఆదివారం మీటింగులో నిర్ణయం తీసుకుంటాం. ఈలోగా మీరే ఎక్కడైనా పంపించేస్తే గౌరవంగా ఉంటుంది."

ఆయన వెళ్ళాక నేను ఎగిరాను. "మామా, పెంచుకునే కుక్కను తీసేయమనే హక్కు వాళ్ళకు లేదు. చట్టముంది. నేను చూపిస్త."

"చట్టంతోని కేసు గెలుస్తవ్ రా. పొద్దున లేస్తే వాళ్ళ మొఖాలే చూడాలె" అన్నాడు మామ. తర్వాత ఊళ్ళో తమ్ముడికి ఫోన్ చేసి, బావి దగ్గర కొట్టంలో ఒక కుక్కను ఉంచుకుంటావా అని అడిగాడు. అత్త వంటింట్లోంచి అంతా విన్నది. ఆ పూట కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. అందరం అలాగే తిన్నాం.

అంతకు ముందు ఆదివారం ఇంకొకటి జరిగింది. మెట్లు కడిగి వచ్చిన మామ మొదటిసారి కర్రి మీద కసిరాడు. "గింత నేర్పితే గిదేనా?" అని వరండా బయట కట్టేసి లోపలికి వచ్చాడు. అది అరవలేదు. గ్రిల్లుకు మూతి ఆనించి పొద్దెక్కేదాకా అలాగే కూర్చుంది.

ఇక మీటింగుకు ముందు రోజు, శనివారం. మామ షాపుకు పోయాడు, శనివారం ఆయనకు ఊపిరాడని రోజు. అత్త వేంకటేశ్వర స్వామి గుడికి పోయింది. నేను మామూలుగా అయితే బండి మీద ఉండాల్సినవాణ్ణి, నడుం పట్టేసి ముందు గదిలో చాప మీద పడుకున్నాను. కర్రి వరండాలో ఉంది. మధ్యలో పరదా.

కవరు గలగలలాడింది. కర్రి గోళ్ళు గ్రిల్లు మీద గీరుకున్నాయి.

"ఆగవే తల్లీ, మీద పడతావేం? ఇదిగో, ఇదిగో... పైకి అందుకో. తినమ్మా. మావారికి ఏలినాటి శని, ఆ మోకాళ్ళు ఎటూ కదలనివ్వడం లేదు. నువ్వే గట్టెక్కించాలి."

పరదా సందులోంచి చూశాను. సీతామహాలక్ష్మి గారు. నువ్వుల నూనె కారుతున్న చపాతీలు గ్రిల్లు మీద ఎత్తుగా పట్టుకుని ఊపుతున్నారు. కుక్క ఎగిరి అందుకుంటోంది. అది తినడం అయ్యాక ఆవిడ కళ్ళు మూసుకుని గ్రిల్లుకు దండం పెట్టుకుని మెట్ల వైపు వెళ్ళారు. నడుం నొప్పికి నేను లేచేలోపే ఇంకొక గొంతు.

"దా బిడ్డ, దా. బెల్లం రొట్టె. పోయిన్సారి జల్ది పోయిన, రెండే పెట్టిన. గియ్యాల మూడు తిను. నా భూమి కేసు గీ వాయిదాకన్న తెగాలె."

మొగిలయ్య తాత.

శనివారం నల్లకుక్కకు నూనె రాసిన రొట్టె పెడితే శని వదులుతుందని వీళ్ళకు ఎవరో చెప్పారు. వీధిలో నల్లకుక్కను వెతుక్కోవాలంటే ఎండ, బురద, కరుస్తుందేమోనన్న భయం. ఇక్కడైతే మెట్ల పక్కనే, గ్రిల్లు వెనక, స్నానం చేయించి టీకాలు వేయించిన కుక్క. ఒంట్లో తెల్ల వెంట్రుక కూడా లేని శుద్ధ నలుపు. అడగాల్సిన పని లేదు, ఇంట్లో ఎవరూ ఉండరు. వీళ్ళ గ్రహాలన్నీ మా కర్రి కడుపులోకి పోయి ఆదివారం పొద్దున మెట్ల మీద పడుతున్నాయి!

నేను గోడ పట్టుకుని లేచి బయటికి వెళ్ళాను. తాత అప్పటికే లిఫ్టులో ఉన్నాడు. సీతామహాలక్ష్మి గారు ఇంకా మెట్ల దగ్గరే చేతులు తుడుచుకుంటున్నారు.

"ఆంటీ, కంప్లైంట్ మీద సంతకం మీదే కదా?"

"అవును బాబూ, ఏం?"

"ఇప్పుడు రొట్టె పెట్టింది కూడా మీరే కదా?"

ఆవిడ ఏమాత్రం తొణకలేదు. "అది వేరు, ఇది వేరు. అది బిల్డింగు సంగతి. ఇది దేవుడి సంగతి. మూగజీవికి ముద్ద పెడితే తప్పని ఎవరైనా అంటారా? ఏం పిల్లలో!"

ఆ పాఠం నాకు చెప్పి మెట్లెక్కేశారు. నాకు! రోడ్డు మీద ట్రాఫిక్ వాళ్ళతో వాదించే నాకు!

నడుం పట్టీ బిగించుకుని పంజాగుట్టకు పోయాను. సెల్లారులో మామ చుట్టూ జనం. ఆ జనం ముందే అంతా కక్కేశాను. మామ కుట్లు విప్పుతున్న బ్లేడు ఆగిపోయింది. తాతను తిడతాడనుకున్నాను, ఆంటీని తిడతాడనుకున్నాను. ఆయన మెల్లగా, "మరి నేను దాన్ని ఎందుకు కసిరిన రా?" అన్నాడు.

"మామా, గది కాదు ఇప్పుడు..."

"గదే. దానికి తెల్వదు కదా, ఒకరు పెట్టినందుకు ఇంకొకరు కట్టేస్తరని." బ్లేడు పక్కన పెట్టాడు. "మా తమ్మునికి ఫోన్ చేసి వద్దని చెప్త. నువ్వు మీటింగుల నోరు తెరవకు. నేను మాట్లాడ్త."

మా మామ, మీటింగులో! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆదివారం పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. హనుమత్ప్రసాద్ గారు మధ్యలో. మామ కర్రిని తాడు కట్టి తీసుకొచ్చాడు. అప్పుడే గుసగుసలు.

"దాన్నెందుకు తెచ్చారండీ? పిల్లలున్నారు" అన్నారు ప్రెసిడెంట్.

"దాని గురించే కదా సార్ మాట్లాడేది. అది సుత ఉండాలె" అన్నాడు మామ. వంగి కర్రి మెడలో తాడు విప్పేశాడు.

కుర్చీలు గరగరమన్నాయి. ఒకరిద్దరు కాళ్ళు పైకి పెట్టుకున్నారు. మామ కదలలేదు. కర్రి ముక్కు ఎత్తి గాలి పీల్చింది. మొదటి వరుసలో నాలుగో అంతస్తు మంజూష కూర్చుని ఉంది, ఆఫీసూ ఇల్లూ తప్ప ఎవరి జోలికీ పోని మనిషి. కర్రి ఆమెను చూడకుండానే దాటిపోయింది. సీతామహాలక్ష్మి గారి ముందు ఆగింది. తోక ఊపడం మొదలైంది.

"కూసో" అన్నాడు మామ, దూరం నుంచే.

కూర్చుంది. ఆవిడ చేతి వైపే చూస్తూ. ఆవిడ కొంగు సర్దుకుని ఎటో చూశారు. కర్రి కొంచెంసేపు ఎదురుచూసి, ఏమీ రాకపోయేసరికి లేచి మొగిలయ్య తాత దగ్గరికి పోయింది. తాత "పో, పో" అన్నాడు గాని ఆ గొంతులోనే చనువు ఉంది. కర్రి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మూతి ఎత్తింది. అప్పటిదాకా నాకు తెలిసినవాళ్ళు ఈ ఇద్దరే. అది మళ్ళీ లేచింది. నేరుగా ప్రెసిడెంటు కుర్చీ దగ్గరికి పోయి, ఆయన లాల్చీ జేబు వాసన చూసి, ఎవరూ చెప్పకుండానే కూర్చుంది.

"దీన్ని పట్టుకోండి ముందు!" అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

మంజూష పగలబడి నవ్వింది. "ప్రసాద్ గారూ, మీరు కూడానా?"

"నాకు నమ్మకాల్లేవమ్మా! మా ఆవిడ ఊరుకోదు. పాలకి వెళ్ళొచ్చేటప్పుడు ఒక్క నువ్వుల ఉండ... ఒక్కటే."

ఇక్కడ వాళ్ళు సిగ్గుపడ్డారని రాస్తే అబద్ధం. ఎవరూ సిగ్గుపడలేదు. సీతామహాలక్ష్మి గారు అందరికన్నా ముందు తేరుకున్నారు.

"ఒకటి మాత్రం నిజమండీ. దీన్ని పంపించేస్తే ఇంత శుభ్రమైన నల్లకుక్క ఈ చుట్టుపక్కల ఎక్కడ దొరుకుతుంది? నాకు ఇంకా మొక్కు పూర్తి కాలేదు."

"నా వాయిదా సుత అయిపోలే" అన్నాడు తాత.

ప్రెసిడెంట్ గొంతు సవరించుకున్నారు. "అయితే మధ్యేమార్గంగా... కుక్క ఉండొచ్చు. శనివారం పూట ఎవరెవరు ఎప్పుడు పెట్టాలో ఒక పద్ధతి అనుకుంటే సరిపోతుంది. సురేందర్ గారికి అభ్యంతరం ఉండదు."

కుక్క దక్కింది! నేను మామ వైపు చూశాను, ఒప్పుకో అన్నట్టు. మామ ఒప్పుకోలేదు.

"ఉంటది సార్" అన్నాడు. కుర్చీల మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "అభ్యంతరం సుత ఉంటది. దానికి మా ఇంట్ల తిండి ఉన్నది. మీరు పెట్టిన నూనెకు దాని కడుపు పాడైంది, మెట్లు నేను కడిగిన. మీరు ఎగిరేటట్టు చేసిన్రు, ఎగిరిందని సంతకం పెట్టిన్రు. నేను దాన్ని కట్టేసిన. ఇగ ఎవ్వలు దాని నోట్ల ఏం పెట్టద్దు. శనివారం లేదు, ఆదివారం లేదు."

"అలా అంటే మేం ఓటింగ్ పెట్టాల్సి వస్తుంది" అన్నారు ప్రెసిడెంట్, గొంతు గట్టి చేసుకుని.

"పెట్టుండ్రి. దీన్ని తీసెయ్యాలన్నోళ్ళు చెయ్యి ఎత్తుండ్రి. ఎత్తేటోళ్ళు దానికి ఏం పెట్టిన్రో గది చెప్పి ఎత్తుండ్రి."

కర్రి ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది. పెట్టినవాళ్ళ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పెట్టనివాళ్ళు పెట్టినవాళ్ళను చూసి నవ్వుకుంటున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. మామ కొంచెంసేపు చూసి, "దా" అన్నాడు. కర్రి లేచి ఆయన వెంట నడిచింది. అత్త తలుపు తీసి పట్టుకుంది.

కర్రి మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు శనివారం పొద్దున అత్త గుడికి పోతూ దాన్ని లోపల పెట్టి వరండా తలుపు వేస్తోంది. ఆదివారాలు మెట్లు పొడిగా ఉంటున్నాయి. సీతామహాలక్ష్మి గారు మాతో మాట్లాడటం మానేశారు. మొగిలయ్య తాత మాట్లాడుతున్నాడు గాని, "ఒక్క రొట్టెకు గింత రాద్ధాంతమా" అని ప్రతిసారీ దెప్పుతున్నాడు. "సారీ" అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు, కుక్కకు కాదు, మా మామకు కూడా కాదు.

హనుమత్ప్రసాద్ గారు మెట్రో పిల్లర్ దగ్గర ఇంకొక నల్లకుక్కను పట్టారు. అది రెండు మూడు వారాలు తిని, పాల ప్యాకెట్టు వెంటే గేటు దాకా రావడం మొదలుపెట్టింది. నిన్న నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు: వీధికుక్కలకు ఆహారం పెట్టి బిల్డింగు వాతావరణం పాడు చేయరాదు. కింద ప్రెసిడెంట్ సంతకం. నేను దాన్ని పీకేయబోతుంటే వరండాలోంచి మామ పిలిచాడు.

"ఉంచురా. సంతకం ఆయనదే కదా, ఆయనే చదువుకోనీ."

ఆయనకు నవ్వొస్తోంది. నాకు రావడం లేదు.